నలభై మూడు దగ్గర అరగంట

నమోదు 1. ఎండకాలం 58వ రోజు. పైన యాభై రెండు, కింద ఇరవై తొమ్మిది.

రోజూ ఏం జరిగితే అది రాయమన్నారు డాక్టర్ ఖలీల్ గారు. ఆయన ఉండేది నదిపట్నంలో. తీగ మీద ఆయన మాట సగం గరగర, సగం దగ్గు. "ఏది పనికొస్తుందో, ఏది రాదో మీరు తేల్చకండి సుంకేశ్వరి గారూ. కంటికి కనబడిందల్లా రాయండి. ఏరుకోవడం నా పని" అన్నారు. పదకొండేళ్ళుగా ఈ వేడిగది నడుపుతున్నాను, ఇప్పటిదాకా నా చేతిరాత ఎవరూ అడగలేదు. రాస్తాను. చదవలేక ఏడవాల్సింది ఆయనే.

పొద్దున్నే బావి నుంచి నాలుగు బిందెలు మోసుకొచ్చి తీగచుట్ట గొట్టాలు నింపాను. బల్ల తుడిచాను. గుమ్మానికి ఎవరో మళ్ళీ వేపమండలు కట్టి పోయారు, తీసి పారేశాను. ఈ గదంటే ఊరికి భయం. వాళ్ళను తప్పు పట్టను. వేడికి దడిసే కదా మా తాతలు ఈ పాత రాతిగని అడుక్కి దిగి ఊరు కట్టుకున్నది. ఎవరి ఒళ్ళయినా కాస్త కాలుతోందని తెలిస్తే చాలు, దారిన పోయేవాళ్ళు కూడా అడక్కుండా నెత్తిన నీళ్ళు కుమ్మరించే ఊరు ఇది. అలాంటి ఊళ్ళో మనిషిని పడుకోబెట్టి లోపల్నుంచి వేడెక్కించే గది నాది. మా చిన్నమ్మ కూతురి పెళ్ళికి నన్ను పిలవలేదంటే ఆశ్చర్యం ఏముంది.

ఈ రోజు కొత్త మనిషి. పేరు మద్దిలేటమ్మ, అందరూ మద్ది అంటారు. ఇరవై తొమ్మిదేళ్ళు. పైపని మనిషి. తెల్లవారకముందే పైకెక్కి ఎండపలకల మీద దుమ్ము తుడిచి, పొద్దు పొడిచిన గంటలోపు దిగిపోయేది. కుడి తొడలో, మోకాలికి జానెడు పైన, నిమ్మకాయంత క్యాన్సర్ గడ్డ. కండను పట్టింది, ఎముకను ఇంకా తాకలేదు.

డాక్టర్ గారు పోయిన వారం వచ్చి గడ్డలోకి నలుసు మందు ఎక్కించి వెళ్ళారు. చూడ్డానికి బురదనీళ్ళలా ఉంటుంది కానీ అందులో ఉన్నవి కంటికి ఆనని ఇనుప నలుసులు. అవి గడ్డలోనే ఇరుక్కుని ఉంటాయి. కాలిని తీగచుట్టలో పెట్టి కరెంటు ఇస్తే ఆ అయస్కాంతపు ఊపుకి నలుసులు వేడెక్కుతాయి, పక్కనున్న మంచి కండ మాత్రం పెద్దగా వేడెక్కదు. గడ్డ నలభై మూడు డిగ్రీల దగ్గర అరగంట నిలవాలి. వేడి తిన్న గడ్డ మీద ఆ తర్వాత ఇచ్చే సూదిమందు బాగా పనిచేస్తుంది. నాలుగు రోజులకొకసారి, మొత్తం ఆరుసార్లు. ఇది పనిచేయకపోతే కాలు తీసేయాలి. ఆ సంగతి మద్దికి తెలుసు.

తోడు వచ్చింది ఆమె అత్త నాగలింగమ్మ. ఆమె తెలియనివాళ్ళు ఊళ్ళో లేరు. ముప్పై ఏళ్ళు ఊరికి నీళ్ళమనిషి. ఎవరికి వేడిదెబ్బ తగిలినా కుండ చంకన పెట్టుకుని ముందు పరుగెత్తుకొచ్చేది ఆమే. చిన్నప్పుడు నా నెత్తిన కూడా పోసింది.

మద్ది ఒంటి మీది ఇనుము, రాగి, వెండి అన్నీ తీయించాను. చెవికమ్మలు, జడపిన్నులు, ఆఖరికి అత్తగారి కళ్ళజోడు కూడా. గాజుపోగు వేడికొలతను సన్న గొట్టంలోంచి గడ్డ అంచుదాకా దించాను. దుప్పటి కప్పాను. అత్త పక్కన పీట వేసుకుని, తడిరాళ్ళ సంచి ఒళ్ళో పెట్టుకుని, దుప్పటి కింద కోడలి చెయ్యి పట్టుకుని కూర్చుంది. మామూలే.

కొలత నలభై ఒకటి పాయింట్ మూడు దాకా ఎక్కి ఆగిపోయింది. అరగంటా అక్కడే. మొదటిసారి కదా, చూద్దాం.

నమోదు 2. 62వ రోజు. పైన యాభై మూడు.

నలభై ఒకటి పాయింట్ రెండు.

ఈసారి ఊరుకోలేదు. కరెంటు పెంచాను. కొలత కదల్లేదు కానీ మద్ది మొహం మారింది. "అక్కా, గడ్డ కాదు, తొడంతా మండుతాంది" అంది. వెంటనే తగ్గించాను. అంతకుమించి పెంచితే మంచి కండ ఉడికిపోతుంది. నాగలింగమ్మ నన్ను చూసిన చూపుకి నేను అక్కడే బూడిద కావాల్సింది.

"ఏందిమే సుంకీ, పిల్లను కాల్చి సంపుతావా?"

"లేదు పెద్దమ్మా. గడ్డను కాల్చాలంటే అంత వేడి కావాలి."

"వేడి మంచి చేసిందని నా ముప్పై ఏండ్లలో యాడా సూడల్యా" అని మొహం తిప్పుకుంది.

మద్దికి సూదిమందు ఎక్కించి పంపాక బావికి దిగాను. నూటా పన్నెండు మెట్లు. అడుగు నీళ్ళలో ఊళ్ళో అందరి రాళ్ళూ వరసగా ఉంటాయి. పుట్టిన ప్రతి బిడ్డకీ ఒక నల్లరాయి నున్నగా చెక్కించి, పేరు గీయించి అక్కడ పెడతారు. ఒళ్ళు కాలినప్పుడు దాన్ని చంకలోనో గజ్జలోనో పెట్టుకుంటే ప్రాణం లేచొస్తుంది. మనిషి పోయినరోజు ఆ రాయి పైకి తెచ్చి, ఇంట్లో గూటిలో ఆరబెడతారు. ఆరిన రాయి మళ్ళీ తడవదు. నేను నా రాయి తీసుకుని నడుముకున్న సంచిలో వేసుకుని, పక్క వరస చూడకుండా పైకి వచ్చాను. పక్క వరసలో నాగలింగమ్మ కొడుకు శేషన్న రాయి ఉంటుంది. అతను పోయి నాలుగేళ్ళయింది. ఆమె ఇంకా ఆ రాయిని ఆరబెట్టలేదు. ఎవరికీ అడిగే ధైర్యం లేదు.

నమోదు 3. 63వ రోజు.

డాక్టర్ గారితో మాట్లాడాను. చుట్టలో నీళ్ళు సరిగా తిరుగుతున్నాయా? తిరుగుతున్నాయి. కరెంటు నిలకడగా ఉందా? ఉంది. గాజుపోగు విరిగిందేమో? కొత్తది వేశాను. ఆయన చాలాసేపు దగ్గి, "అయితే నలుసులు గడ్డలోంచి కారిపోయి ఉంటాయి. రెండోసారి ఎక్కించడానికి మందు లేదు. వచ్చే చలికాలం దాకా రాదు" అన్నారు.

"అప్పటిదాకా గడ్డ ఆగుతుందా?"

"ఆగదు. కోత చేసే బృందం 76వ రోజు మీ వైపు బండి మీద వస్తోంది. ఆమె పేరు రాయించాను. మీరు ఆమెకు చెప్పగలరా?"

చెప్పగలనని అన్నాను. ఎందుకన్నానో తెలియదు. రోజంతా అందరి మీదా విసుక్కున్నాను. నీళ్ళు తెచ్చే ఖాసీం భాయి బిందె కాస్త తొణికితే ఊరి గౌరవమంతా అందులోనే పోయినట్టు అరిచాను. తర్వాత వెళ్ళి ఆయన్ను క్షమించమని అడిగాను. నిజానికి నాకు భయంగా ఉంది.

నమోదు 4. 66వ రోజు. పైన యాభై మూడున్నర.

మూడోసారి. మళ్ళీ నలభై ఒకటి పాయింట్ రెండు. నాకు ఆ అంకె మీద అసహ్యం పుట్టింది.

అత్త కళ్ళజోడు తెచ్చుకోవడానికి బయటికి వెళ్ళినప్పుడు మద్దికి చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. పైకప్పు రాతిలో ఉన్న చార వైపు చూస్తూ పడుకుంది.

"పైకి నూటా నలభై మెట్లక్కా. ఒంటికాలితో ఎట్ల ఎక్కల్ల?"

"వేరే పని చూసుకోవచ్చు."

"పని గురించి కాదు. పొద్దు పొడిచేటప్పుడు పలకలన్నీ ఒక్కసారి ఎర్రగయితాయి. నువ్వు ఎప్పుడన్నా సూసినావా?"

నేను చూడలేదు. నేను పైకి వెళ్ళి పదిహేనేళ్ళు దాటింది.

"నాకు, మా ఆయనకు పెండ్లి మాటలయింది ఆడనే. పోయింది కూడా ఆడనే. ఇంగో పలక తుడుస్తా, ఇంగో పలక అంటా మధ్యాన్నం దాకా ఉన్నాడు. అత్తకు కబురు అందేటప్పటికి ఆమె ఎవురి బిడ్డకో నీళ్ళు పోస్తాంది. నీళ్ళమనిషి కొడుకు నీళ్ళు అందక పోయినాడని ఊరంతా అన్నిరి. అత్త ఆ పొద్దు నుంచి నన్ను ఒక్క గడియ ఇడిసిపెట్టల్యా." చార మీంచి చూపు నా వైపు తిప్పి అంది, "కాలు పోతాదని అత్తకు నేనే చెప్తా. నువ్వు చెప్పొద్దు."

అత్త తిరిగొచ్చి కోడలి నుదురు తాకి చూసి, "సల్లగుండాది" అని నిట్టూర్చింది. అలవాటుగా నేను మద్ది ఛాతీకి అంటించిన వేడిపట్టీ చూశాను.

నమోదు 5. 67వ రోజు.

పడుకుంటే నిద్ర పట్టలేదు, లేస్తే పని తోచలేదు. అందుకని ఒక పరీక్ష పెట్టాను. సీసా అడుగున మిగిలిన కాస్త నలుసు మందును సగ్గుబియ్యం గంజిలో కలిపి ముద్ద చేసి, గిన్నెలో పోసి గట్టిపడనిచ్చాను. గంజి కాచేటప్పుడు ఎడమ చూపుడువేలు కాల్చుకున్నాను, డాక్టర్ గారు అన్నీ రాయమన్నారు కాబట్టి అదీ రాస్తున్నాను. గిన్నెను చుట్టలో పెట్టాను. అంచుకు గాజుపోగు దించాను.

పావుగంటలో నలభై మూడు పాయింట్ నాలుగు. రాయిలా నిలిచింది. అంటే చుట్ట మంచిది, మందు మంచిది, కొలత మంచిది. అన్నీ మంచివే అయితే తప్పు ఆ అమ్మాయి కాలిదేనా? డాక్టర్ గారు చెప్పినట్టు నలుసులు నిజంగానే కారిపోయాయా? కారిపోతే విడత విడతకూ కొంచెం తగ్గాలి కదా. మూడుసార్లూ ఇంచుమించు ఒకే అంకె దగ్గర ఎందుకు ఆగుతుంది? వేలు మంట పుడుతోంది. ఎడమచేత్తో నా నల్లరాయి పట్టుకుని కుడిచేత్తో రాయడం కుదరడం లేదు, పుస్తకం జారిపోతోంది. రాయి పక్కన పెట్టి రాస్తున్నాను.

నలభై రెండు పాయింట్ ఆరు.

ఎందుకు దిగుతోంది? నేను ఏదీ ముట్టుకోలేదు. కరెంటు అంతే ఉంది.

నలభై రెండు. నలభై ఒకటి పాయింట్ ఏడు.

ఇందాక పక్కన పెట్టిన నా రాయి గిన్నెకు ఆని ఉంది.

రాయి తీశాను. ఐదు నిమిషాల్లో మళ్ళీ నలభై మూడు పాయింట్ నాలుగు. పెట్టాను. దిగింది. తీశాను. ఎక్కింది. ఏడుసార్లు చేశాను. వేలి మంట సంగతే మరిచిపోయాను.

ఈ పుస్తకం మొదటి పేజీ తిప్పి చూశాను. నా చేతిరాతే. "తడిరాళ్ళ సంచి ఒళ్ళో పెట్టుకుని, దుప్పటి కింద కోడలి చెయ్యి పట్టుకుని కూర్చుంది. మామూలే." ఇనుము తీయించాను, రాగి తీయించాను, ముసలామె కళ్ళజోడు కూడా తీయించాను. ఎదురుగా ఉన్న రాయి నాకు కనబడలేదు. కనబడింది, మామూలే అని రాసి మరీ వదిలేశాను. తల తీసుకెళ్ళి గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

నమోదు 6. 68వ రోజు.

తెల్లవారగానే వాళ్ళింటికి వెళ్ళాను. నడిచి వెళ్ళాను అని రాయాలి కానీ ఊగిపోతూ వెళ్ళాను. మద్ది గోడకానుకుని జొన్నలు చెరుగుతోంది. నాగలింగమ్మ కుండ కడుగుతోంది.

"పెద్దమ్మా, దుప్పటి కింద రాయి ఎక్కడ పెడుతున్నావు?"

ఆమె దాచలేదు. దాచాల్సిన పని అని ఆమెకు తోచనే లేదు. "గజ్జలో. యాడ పెడతారు మరి? ఒకటి వెచ్చనైతే ఇంగోటి మారుస్తా. రెండు రాళ్ళు తెస్తాగదా. నీ మిషను అంత కాల్చినా పిల్లకు ఒక్క బొబ్బ లెయ్యల్యా, సూసినావా?" గర్వంగానే చెప్పింది.

మద్ది వైపు తిరిగాను. "నువ్వైనా చెప్పలేదేం?"

"అత్త రాయి పెట్టింది, హాయిగా ఉన్నింది. అది చెప్పేదా అక్కా?" అంది ఆ పిల్ల, నిజంగా అర్థం కాక.

దారి పొడవునా కూడబెట్టుకున్న తిట్లు ఒక్కటీ నోటికి రాలేదు. పీట లాక్కుని కూర్చున్నాను.

"పెద్దమ్మా, గజ్జలో రాయి పెడితే ఏమవుతుందో నాకన్నా నీకు బాగా తెలుసు."

"కాల్లోకి పోయే నెత్తురు సల్లబడతాది."

"ఆ నెత్తురే గడ్డలోకీ పోతుంది. నేను వేడెక్కిస్తున్నాను, నువ్వు చల్లారుస్తున్నావు. మూడుసార్లుగా గడ్డకు చాలినంత వేడి తగల్లేదు. అది హాయిగా ఉంది."

ఆమె చేతిలో కుండ ఆగిపోయింది. అర్థమవడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమైన క్షణం నాకు కనబడింది. ఆ క్షణం నేను చూడకుండా ఉంటే బాగుండేది.

"అంటే నేనే కాపాడినానా ఆ గడ్డను? నా సేత్తో నేనే?"

మద్ది కుంటుకుంటూ వచ్చి అత్తను పట్టుకుంది. ముసలామె ఏడవలేదు. తర్వాత గొంతు పెంచి నన్ను కసిరింది.

"ఇంగ నేను రాను. ల్యాకపోతే ఏమంటావు? కాలే మనిషిని సూస్తా గమ్మున కూర్సోమంటావా? ముప్పై ఏండ్లు ఊరికి నీళ్ళు పోసిన దాన్ని. నా నోట్లో నుంచి కాలనియ్యి అని ఎట్ల వస్తాది మే?"

"నువ్వు రాకపోతే నేనూ రాను" అంది మద్ది. "కాలు పోతే పోనీ. నువ్వు పక్కన ల్యాకుండా ఆ చుట్టలో పండుకోను."

నాకు కోపం వచ్చింది, నవ్వు వచ్చింది, కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి. ఇద్దరికిద్దరూ. అప్పుడు గుర్తొచ్చింది, మొన్న ఈ ముసలామె కోడలి నుదురు తాకి "సల్లగుండాది" అన్నప్పుడు ఒంటి వేడిపట్టీ చూశాను, సరిగ్గా ముప్పై ఏడు. ముప్పై ఏళ్ళు మనుషుల ఒళ్ళు తాకి చూసిన చెయ్యి అది.

"పెద్దమ్మా, నువ్వు కూర్చుని చూడాల్సింది గడ్డను కాదు. గడ్డ నాకు వదిలెయ్. మిగతా పిల్లంతా నీది. నుదురు, మెడ, ఛాతీ. వేడి గడ్డ దాటి ఒంట్లోకి పాకుతోందని నీ చేతికి తెలిస్తే ఒక్క మాట చెప్పు, ఆ క్షణమే ఆపేస్తాను. నుదుటి మీద రాయి పెట్టుకో, కాదనను. గజ్జ దగ్గరికి మాత్రం రానివ్వను."

ఆమె మళ్ళీ కుండ కడగసాగింది. నేను వచ్చేశాను.

సాయంత్రం డాక్టర్ గారికి చెప్పాను. "మీరు పంపిన మొదటి పేజీ నకలు నేను రెండుసార్లు చదివాను" అన్నారు. "మా నాయనది కూడా గని ఊరే. నా రాయి ఇప్పుడు నా బల్ల మీదే ఉంది." కోతబండి జాబితాలో మద్ది పేరు ఒక్క విడత ఆపమని అడిగాను. 70వ రోజు నలభై మూడు చూపిస్తే ఆపుతానన్నారు. చూపించకపోతే ఆపరు.

నమోదు 7. 70వ రోజు. పైన యాభై నాలుగు. ఈ ఏటికి ఇదే ఎక్కువ.

వస్తుందో రాదో అని గుమ్మంలో నిలబడి చూశాను. వచ్చింది. ఒక చేత్తో కోడల్ని పట్టుకుని, ఒక చేత్తో నిండుకుండను, భుజాన సంచిని మోసుకుంటూ.

కుండ మూలన పెట్టించాను. సంచిలోంచి ఆమె రెండు రాళ్ళు తీసింది. ఒకదాని మీద మద్ది పేరుంది. అది నుదుటి మీద పెట్టింది. రెండోదాని మీద పేరు నేను అడక్కుండానే చదివాను. శేషన్న. ఇన్నాళ్ళూ కోడలి గజ్జలో మార్చి మార్చి పెట్టింది కొడుకు రాయిని కూడానన్నమాట. పోయినవాడి రాయిని బావిలో తడిపి ఉంచింది ఇందుకేనా, లేక ఇది ఒక సాకా, ఆమెకే తెలియాలి.

చుట్ట ఆన్ చేశాను. ముప్పై తొమ్మిది. నలభై. నలభై ఒకటి. నలభై ఒకటి పాయింట్ రెండు. అక్కడ ఒక క్షణం ఆగినట్టనిపించింది.

నలభై ఒకటి పాయింట్ నాలుగు.

"అక్కా, లోపల ఏందో మెలిపెడతాంది" అంది మద్ది. "మంట కాదు. నొప్పి కాదు. బరువుగా."

"అదే గడ్డ. ఇప్పుడే మేలుకుంది. ఓర్చుకో."

నాగలింగమ్మ కుడిచెయ్యి కోడలి మెడ మీద ఉంది. ఎడమచేతిలో శేషన్న రాయి ఉంది. ఆ చెయ్యి దుప్పటి అంచుదాకా వెళ్ళింది. నేను నోరు తెరిచేలోపే ఆగింది. అలాగే గాల్లో ఉంది. ఆ చెయ్యి అక్కణ్ణుంచి వెనక్కి రావడానికి ఎంత బలం కావాల్సి వచ్చిందో నేను కళ్ళారా చూశాను. ఆమె లేచి, ఎదురు గోడకున్న గూట్లో ఆ రాయి పెట్టి, తిరిగొచ్చి కూర్చుంది. గుప్పిళ్ళు బిగించి తొడల కింద పెట్టుకుంది, మళ్ళీ కుడిచెయ్యి తీసి కోడలి మెడ మీద వేసింది.

నలభై మూడు.

అరగంట గడియారం తిప్పాను. ఆమె గడియారం వైపు చూడలేదు, గూటి వైపు చూస్తూ కూర్చుంది. తడిరాయి నల్లగా మెరుస్తోంది. పది నిమిషాలకు అంచులు తెల్లబడ్డాయి. "ఒళ్ళు ఎట్లుంది పెద్దమ్మా?" అని అడిగాను. "ముప్పై ఏడున్నర" అంది కళ్ళు తిప్పకుండా. పట్టీ చూశాను. ముప్పై ఏడున్నరే. ఇరవై నిమిషాలకు తడి అరచేయంత మిగిలింది. మద్ది పళ్ళు బిగించి పైకప్పు చార చూస్తోంది. ఇరవై ఐదుకు బొట్టుబిళ్ళంత. మద్ది కూడా తల తిప్పింది, ఆ నల్ల చుక్క మీదే ముగ్గురి చూపూ. పోయినవాడి పేరు చివరి అక్షరం పక్కన కాసేపు నిలిచి, అది కూడా పోయింది.

గడియారం మోగింది. చుట్ట ఆపాను.

నాగలింగమ్మ లేచి, గూటి దగ్గరికి వెళ్ళి, రాయిని తాకి చూసింది. నాలుగేళ్ళకు ఏడ్చింది. గొంతెత్తి, ఊరంతా వినబడేటట్టు, కొడుకును పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చింది. మద్ది బల్ల మీద పడుకునే ఏడ్చింది. నేనూ ఏడ్చాను. తర్వాత ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, "ఇంగ నీళ్ళు పోయొచ్చునా?" అని అడిగింది. గాజుపోగు తీసి, గొట్టం చోట పట్టీ వేసి, ఆ చోట తప్పించి పోయమన్నాను. కుండ ఎత్తి కోడలి నెత్తిన సగం, నా నెత్తిన సగం కుమ్మరించింది. నా నెత్తిన ఎందుకని అడగలేదు. అవసరమే అయింది.

నమోదు 8. 78వ రోజు.

నలభై మూడు పాయింట్ ఒకటి. పోయినసారి నలభై మూడు.

76వ రోజు కోతబండి వచ్చింది, మద్ది పేరు పిలవకుండానే వెళ్ళింది. మొదటి మూడుసార్లు లెక్కలోకి రావు కాబట్టి ఇంకో మూడు కలపమన్నారు డాక్టర్ గారు. నలుసులు ఎక్కడికీ పోలేదు, ఉన్నచోటే ఉన్నాయి. పాపం వాటిని అనవసరంగా అనుమానించాం.

వేడిగది నియమాల పలక దింపి ఇనుము, రాగి, వెండి అన్న వరస చివర రాయి అని చెక్కాను. నా అక్షరాలు వంకరగా ఉన్నాయి. ఖాసీం భాయి చూసి నవ్వాడు, నేను అరవలేదు.

నమోదు 9. 121వ రోజు. పైన నలభై ఆరు. చల్లబడుతోంది.

నిన్న డాక్టర్ గారు స్వయంగా వచ్చారు. గడ్డ చింతగింజంత అయింది. సూదితో ముక్క తీసి చూశారు, అందులో బతికున్నది ఏమీ కనబడలేదు. "రెండేళ్ళు చూస్తూ ఉండాలి. ఇప్పుడే పండగ చేసుకోకండి" అన్నారు, తానే పళ్ళన్నీ కనబడేటట్టు నవ్వుతూ.

ఈ పొద్దు తెల్లవారకముందే మద్ది వచ్చి నా తలుపు తట్టింది. నూటా నలభై మెట్లు. ముప్పై మెట్లకొకసారి ఆగాం, ఆగింది నా కోసమే. పలకలన్నీ ఒక్కసారి ఎర్రబడటం చూశాను. దాని గురించి ఇక్కడ ఏమీ రాయను. డాక్టర్ గారికి పనికొచ్చేది కాదు.

దిగి వచ్చేసరికి గది గుమ్మంలో వేపమండలు లేవు. ఒక కొత్త మనిషి నిలబడి ఉన్నాడు, పేరు లింగోజీ, రాళ్ళు చెక్కేవాడు, మెడ పక్కన గడ్డ. వెంట భార్య. ఆమె ఒళ్ళో తడిరాళ్ళ సంచి. పలక మీద నేను చెక్కింది చదివి, సంచిని ఇంకా గట్టిగా పట్టుకుంది. నాకు తెలుసు, ఎంత చెప్పినా ఈ సంచి నాకు ఇవ్వదు.

లోపల బల్ల తుడుస్తున్న నాగలింగమ్మ బయటికి వచ్చింది. రోజూ వస్తోంది, నేను పిలవలేదు, పొమ్మనలేదు. లింగోజీ నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. తర్వాత అతని భార్య చేతిలోంచి సంచి మెల్లగా తీసుకుని, గూట్లో శేషన్న రాయి పక్కన పెట్టింది.

"ఈడ కూర్సో పాపా, నా పక్కన" అంది. "నేనుండా. కాలనియ్యి."